సంతకానికి ముందే: కొత్త కారు తనిఖీలో నా అనుభవం

కారు బుక్ చేసినప్పుడు సేల్స్ ఎగ్జిక్యూటివ్‌కు నేను పెట్టిన షరతు ఒక్కటే. నాకు కేటాయించిన కారును నేను స్వయంగా చూసి సరేనన్న తరువాతే దాని ఛాసిస్ నంబరును ఇన్‌వాయిస్ మీదకు, ఇన్సూరెన్స్ కాగితాల మీదకు, రిజిస్ట్రేషన్ దరఖాస్తు మీదకు ఎక్కించాలని, మిగిలిన సొమ్ము కూడా ఆ తరువాతే చెల్లిస్తానని చెప్పాను. ఆయన వెంటనే ఒప్పుకున్నారు గాని, మాటతో సరిపెట్టుకోకుండా ఆ షరతును బుకింగ్ ఫారం మీదనే రాయించుకుని డీలర్ తరఫున సంతకం చేయించుకున్నాను. ఇంత పట్టుదల దేనికంటే, ఒకసారి మన పేరున రిజిస్టర్ అయ్యాక అది కాగితాల ప్రకారం మన కారే. ఆ తరువాత తలుపు మీద రంగు తేడా కనిపించినా, ఇంజిన్‌లో వింత శబ్దం వినిపించినా మరమ్మతు చేసిపెడతామంటారు తప్ప కారు మార్చి ఇవ్వడం చాలా కష్టం, ఎందుకంటే వెనక్కి తీసుకున్న కారును డీలర్ ఇక కొత్తదని చెప్పి మరొకరికి అమ్ముకోలేడు. రిజిస్ట్రేషన్‌కు ముందయితే ఆ చిక్కు ఉండదు. యార్డులో ఉన్న మరో కారు నంబరు రాసుకుంటే సరిపోతుంది.

డీలర్ తానే ఒక తనిఖీ చేస్తాడు కదా, మళ్లీ మనకెందుకు శ్రమ అని ఇంట్లోవాళ్లు అడిగారు. పీడీఐ (ప్రీ డెలివరీ ఇన్‌స్పెక్షన్) అని పిలిచే ఆ తనిఖీ ఉద్దేశం వేరు. ఫ్యాక్టరీ నుంచి లారీ మీదనో, రైల్లోనో, ఓడలోనో వచ్చే కారును దూరప్రయాణానికి తగినట్లు సర్ది పంపుతారు. బ్యాటరీ దిగిపోకుండా కొన్ని మోడళ్లలో ఫ్యూజు తీసి ఉంచుతారు, కొన్నింటిలో ట్రాన్స్‌పోర్ట్ మోడ్ అనే ఏర్పాటు ఉంటుంది. రోజుల తరబడి ఒకేచోట నిలబడినప్పుడు టైర్లు నేలకు ఆనిన చోట చదునెక్కకుండా గాలి ఎక్కువగా నింపుతారు. సీట్లకు, స్టీరింగుకు ప్లాస్టిక్ పొరలు తొడుగుతారు. వీటన్నిటినీ మామూలు స్థితికి తెచ్చి, ఆయిలు, కూలెంటు, దీపాలు, బ్రేకులు చూసి, కారును రోడ్డెక్కడానికి సిద్ధం చేయడమే డీలర్ చేసే పీడీఐ. దారిలో ఎక్కడైనా దెబ్బ తగిలిందా, యార్డులో ఎవరైనా వెనక్కి తీస్తూ స్తంభానికి గుద్దారా, గుద్దితే గుట్టుగా రంగు వేయించారా అన్న ప్రశ్నలకు ఆ చెక్‌లిస్టులో కొనేవాడి తరఫున జవాబు వెతికేవారెవరూ ఉండరు.

కాబట్టి కారును వర్క్‌షాపుకు పంపకముందే, స్టాక్‌యార్డులోనే చూస్తానని కోరాను. "కడిగించి ఉంచండి, పాలిష్ మాత్రం పెట్టించవద్దు" అని ముందే చెప్పాను. దుమ్ము కింద గీతలు కనిపించవు, పాలిష్‌లోని మైనం సన్నటి గీతలలో నిండి వాటిని కొంతకాలం దాచేస్తుంది, తడి ఆరని కారు మీదనైతే ఏ లోపమూ కంటికి ఆనదు. పొద్దుటి వెలుతురు ఏటవాలుగా పడే వేళను ఎంచుకున్నాను. షోరూం దీపాల కింద ప్రతి కారూ అందంగానే ఉంటుంది. నేను వచ్చేలోగా ఇంజిన్ స్టార్ట్ చేయవద్దని కూడా అడిగాను, ఎందుకంటే చల్లారిన ఇంజిన్ మొదటిసారి అందుకునే తీరులో తెలిసేవి వేడెక్కిన ఇంజిన్‌లో తెలియవు.

వెంట తీసుకువెళ్లినవి టార్చిలైటు, టైర్లలో గాలి కొలిచే గేజి, బ్యాటరీ వోల్టులు కొలిచే మల్టీమీటరు, పెయింటు మందం కొలిచే మీటరు. ఈ చివరిది ఒక స్నేహితుడి దగ్గర అడిగి తెచ్చుకున్నాను. ఆ స్నేహితుడినే వెంటబెట్టుకుని వెళ్లాను కూడా. ఒకరు లోపల కూర్చుని బ్రేకు తొక్కుతూ, దీపాలు మారుస్తూ ఉంటే రెండోవారు బయట తిరిగి చూడగలగడం ఒక ఉపయోగం. అంతకన్నా పెద్ద ఉపయోగం, ఎగ్జిక్యూటివ్ మనల్ని మాటల్లో పెట్టినప్పుడు పని ఆగకుండా సాగడం.

నేను అన్నిటికన్నా ముందు చూసింది రంగునూ కాదు, ఇంజిన్‌నూ కాదు, తేదీలను. ఒక కారు వయసు దాని మీద చాలాచోట్ల రాసి ఉంటుంది. 17 అక్షరాంకెల ఛాసిస్ నంబరు ముందు అద్దం అడుగున, తలుపు స్తంభం మీది స్టిక్కరు మీద, బాడీ లోహం మీద చెక్కినచోట కనిపిస్తుంది. మోడల్‌ను బట్టి ఈ చోట్లు కొంత మారతాయి గాని, ఎన్నిచోట్ల ఉన్నా అన్నీ ఒక్కటిగా ఉండాలి. అంకెలతో పొరబడకుండా ఈ నంబరులో ఐ, ఓ, క్యూ అక్షరాలు వాడరు. కనుక డీలర్ చేతిరాత కాగితంలో ఓ అనే అక్షరం కనిపిస్తే అది సున్నా అయివుంటుందని అప్పుడే దిద్దించాలి, లేకపోతే ఆ తప్పు రిజిస్ట్రేషన్ దాకా పాకుతుంది. తయారైన నెల, సంవత్సరం స్టిక్కరు మీద నేరుగా ఉంటే మంచిదే, లేకుంటే ఛాసిస్ నంబరును బట్టి తెలిపే వివరాన్ని డీలర్ నుంచి రాతపూర్వకంగా తీసుకోవాలి. ఇక టైరు పక్కగోడ మీది తయారీ కోడ్‌లో చివరి నాలుగంకెలు అది తయారైన వారాన్ని, సంవత్సరాన్ని చెబుతాయి. 3224 అని ఉంటే 2024లో 32వ వారమన్నమాట. సీటు బెల్టును చివరిదాకా లాగితే మొదట్లో కుట్టిన చీటీ మీద తేదీ ఉంటుంది. ప్రతి అద్దం మూలన తయారీదారు ముద్రతో పాటు సంవత్సరపు చివరి అంకె, నెలను సూచించే చుక్కలు ఉంటాయి. చుక్కల లెక్క కంపెనీని బట్టి మారుతుంది గాని సంవత్సరపు అంకెను పోల్చుకోవడం కష్టం కాదు. ఈ విడిభాగాలన్నీ కారు కన్నా కొద్దిగా ముందు పుట్టినవై ఉండాలి. కారు కన్నా తరువాత పుట్టిన భాగం ఒక్కటి దొరికినా, అది ఎందుకు మారిందో డీలర్ చెప్పి తీరాలి.

మొదట చూపించిన కారులో పట్టుబడింది సరిగ్గా ఇక్కడే. స్టిక్కరు ప్రకారం అది ఒక సంవత్సరం చివరి నెలల్లో తయారైంది. ముందు అద్దం, వెనక అద్దం, మూడు తలుపుల అద్దాలు అన్నిటి మీదా ఆ ఏటి అంకే ఉంది. ఎడమవైపు వెనక తలుపు అద్దం మీద మాత్రం ఆ పై ఏడాది అంకె ఉంది. అప్పటిదాకా ఆ తలుపు మీద నాకు ఏ అనుమానమూ లేదు. ఎదురుగా నిలబడి చూస్తే పక్క తలుపుతో రంగు చక్కగా కలిసిపోయింది, రెండు తలుపుల మధ్య సందు కూడా పైనుంచి కిందిదాకా ఒకే వెడల్పున ఉంది. అనుమానం వచ్చాక మీటరు తీశాం. కారు మిగతా ఒంటి మీద 105 నుంచి 130 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మధ్య చూపిన మీటరు ఆ తలుపు మీద ఎక్కడ పెట్టినా 240 దాటింది. పిడి కింద ఒకచోట 400 పైన చూపింది, అంటే అక్కడ లప్పం కూడా ఉన్నదనే అనుకోవాలి.

"ఫ్యాక్టరీలోనే ఒక్కోసారి అలా వస్తుంది సార్" అన్నారు ఎగ్జిక్యూటివ్. ఆ మాట పూర్తిగా కొట్టిపారేయదగ్గది కాదు. తయారీ వరస చివర్లో లోపం కనిపిస్తే ఫ్యాక్టరీలోనూ రంగు దిద్దుతారు, అప్పుడు అక్కడ మందం పెరుగుతుంది. అందుకే మీటరు అంకెను ఒక్కదాన్నే పట్టుకుని వాదించలేదు. తలుపు తెరిచి, దాని అంచు చుట్టూ ఉండే రబ్బరు బీడింగును గోటితో కొంచెం వంచి చూపించాను. నల్లటి రబ్బరు మీద గసగసాల కన్నా సన్నగా రంగు తుంపరలు ఉన్నాయి. తలుపును స్తంభానికి బిగించే బోల్టుల తలల మీద రంగు చిట్లి లోపలి లోహం మెరుస్తోంది. కుడివైపు తలుపు బోల్టుల మీద రంగు ఎక్కడా చెదరలేదు. అద్దం అంకె, మందం, తుంపరలు, బోల్టులు కలిపి చెప్పేదేమిటంటే, ఫ్యాక్టరీ దాటి వచ్చాక ఎవరో ఆ తలుపును విప్పారు, అద్దం మార్చారు, సొట్ట తీసి లప్పం పెట్టి రంగు వేశారు. ఆయన మళ్లీ వాదించలేదు, లోపలికి వెళ్లి మేనేజరును తీసుకువచ్చారు.

మేనేజరు ధర తగ్గిస్తానన్నారు. నిజం చెప్పాలంటే, ఒక చిన్న గీతను రుద్ది సరిచేసి ఉంటే, ఆ సంగతి కాగితం మీద రాసిచ్చి తగ్గింపు ఇస్తే నేను ఒప్పుకునేవాణ్ణే. అద్దం పగిలేంత దెబ్బ వేరు. ఆ దెబ్బ తలుపుతో ఆగిందో, లోపలి స్తంభం దాకా వెళ్లిందో బయటినుంచి తెలిసే దారి లేదు. పైగా నేను ఎప్పుడైనా ఆ కారు అమ్మబోతే కొనేవాడు కూడా ఇదే మీటరు పట్టుకుని వస్తాడు, అప్పుడు కొత్త కారుగానే కొన్నానని నేను చెబితే నమ్మేవారు ఉండరు. ఇంకొక కారు చూపించమన్నాను. బుకింగ్ ఫారం మీద రాత ఉండబట్టి ఆ సంభాషణ అంతటితో ముగిసింది.

రెండో కారు కొంత ఆలస్యంగా వచ్చింది. ఈసారి తేదీలన్నీ కుదిరాయి. నాలుగు టైర్లూ, స్టెప్నీ కొన్ని వారాల తేడాతో తయారైనవే. పెయింటు మీటరు ఇనుప రేకు మీద ఎక్కడా 140 దాటలేదు. బంపర్లు ప్లాస్టిక్‌వి కనుక వాటి మీద ఈ మీటరు పనిచేయదు, వాటిని కంటితోనే, అంచులూ మూలలూ తడుముతూ చూడాలి. ముందు బంపరు అడుగు అంచున లారీ నుంచి దించేటప్పుడు రాసుకున్న గీతలు తరచుగా ఉంటాయి, అక్కడికి టార్చి వేసి వంగి చూస్తే గాని కనిపించవు. మాకు అక్కడ ఏమీ దొరకలేదు. బ్రేకు డిస్కుల మీద పలచగా ఎర్రటి తుప్పు ఉంది, అది వాననీళ్లు తగిలి ఆగి ఉన్న ఏ కారుకైనా పట్టేదే, నాలుగుసార్లు బ్రేకు వేస్తే పోతుంది. గుంటలు పడిన తుప్పయితే అది వేరే మాట.

బానెట్ ఎత్తాక నేను ఎక్కువసేపు గడిపింది ఇంజిన్ దగ్గర కాదు, ఎయిర్ ఫిల్టర్ డబ్బా దగ్గర. యార్డులో నెలలు నిలబడే కార్లకు ఎలుకల బెడద ఎక్కువ. అవి వెచ్చగా, చీకటిగా ఉండేచోటు చూసుకుని గూడు కట్టుకుంటాయి, వైర్ల పైతొడుగు కొరుకుతాయి. అలా కొరికిన వైరు వెంటనే ఏ లోపమూ చూపకపోవచ్చు, కొన్నాళ్లకు తేమ చేరి తుప్పు పట్టాక ఏదో ఒక హెచ్చరిక దీపం వెలిగి ఆరుతూ విసిగిస్తుంది. మెకానిక్‌ను అడిగి డబ్బా క్లిప్పులు తీయించాను. ఫిల్టరు శుభ్రంగా తెల్లగా ఉంది, గింజల పొట్టు గాని, పెంటికలు గాని లేవు. గ్లవ్‌బాక్సు వెనకనుండే ఏసీ ఫిల్టరునూ అలాగే తీయించి చూశాను. ఇంజిన్ పైనుంచి పోయే వైర్ల కట్టలను టార్చి వెలుగులో ఒక కొస నుంచి మరో కొసదాకా కళ్లతో వెంబడించాను. ఇదంతా చూస్తున్న మెకానిక్, కొత్త కారుకు ఎయిర్ ఫిల్టర్ తెరిపించినవాళ్లు తక్కువని నవ్వాడు గాని, ఎందుకు చూస్తున్నానో అతనికి నాకన్నా బాగా తెలుసు.

బ్యాటరీ విషయంలో కూడా యార్డులో గడిపిన కాలమే శత్రువు. చాలా రోజులు వాడకుండా దిగిపోయిన లెడ్ యాసిడ్ బ్యాటరీ ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడి, మళ్లీ చార్జి చేసినా దాని సామర్థ్యం మునుపటిలా ఉండదు. రాత్రంతా ఆగి ఉన్న కారులో 12.6 వోల్టులు కనిపిస్తే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు, 12 దగ్గరికి పడిపోతే దాదాపు ఖాళీ అయినట్టు. మాకు 12.5 కనిపించింది. స్టార్ట్ చేశాక 14కు కొంచెం పైన నిలబడింది, ఆల్టర్నేటరు చార్జి చేస్తున్నదని దాని అర్థం. ఇంజిన్ ఆయిలు డిప్‌స్టిక్ గుర్తుల మధ్యన, కూలెంటు, బ్రేకు ఆయిలు తమ గీతల మధ్యన ఉన్నాయి. చలి ఇంజిన్ మొదటి తిప్పుకే అందుకుంది. సైలెన్సరు నుంచి కాసేపు తెల్లటి ఆవిరి వచ్చి ఆగింది. నీలిరంగు పొగయితే ఆయిలు మండుతున్నట్టు. ఇగ్నిషన్ వేయగానే వెలగవలసిన హెచ్చరిక దీపాలన్నీ వెలిగి, ఇంజిన్ అందుకున్నాక ఆరిపోయాయి. ఇక్కడ ఆరడమే కాదు, ముందు వెలగడమూ ముఖ్యమే. ఎయిర్‌బ్యాగ్ దీపం అసలు వెలగకపోతే దాన్ని కూడా లోపంగానే ఎంచాలి.

లోపలి సంగతులు త్వరగానే ముగిశాయి. స్నేహితుడు అద్దాలు, తాళాలు, వైపర్లు, కెమెరా, స్పీకర్లు ఒక్కొక్కటిగా నొక్కి చూస్తుంటే, నేను కార్పెటు కింద చేయిపెట్టి తడి ఉందేమో, సీటు పట్టాల మీద తుప్పు ఉందేమో, స్టెప్నీ గుంటలో బురద మరక ఉందేమో చూశాను. వరదనీటిలో మునిగిన కారును ఎంత కడిగినా ఈ మూడు చోట్లా, సీటు బెల్టు లోపలి చుట్టలోనూ జాడ మిగులుతుంది. అలాంటిదేమీ లేదు. ఓడోమీటరు మీద 19 కిలోమీటర్లు ఉన్నాయి, ఫ్యాక్టరీ నుంచి యార్డుకు, యార్డులో అటూ ఇటూ జరపడానికి అంతమాత్రం కావడం సహజమే. వందలు దాటి ఉంటే టెస్ట్ డ్రైవుకు తిప్పిన కారేమోనని అడగవలసి వచ్చేది. రిజిస్ట్రేషన్ లేని కారును రోడ్డు మీదకు తీయకూడదు కనుక యార్డు లోపలే నెమ్మదిగా నడిపి, స్టీరింగు వదిలితే తిన్నగా పోతున్నదో లేదో, బ్రేకు వేస్తే ఒక పక్కకు లాగుతున్నదేమో చూశాను. దొరికిన లోపాలు రెండే. వెనక అద్దం వాషరు నుంచి నీళ్లు రాలేదు, జాకీ తిప్పే పిడి డిక్కీలో లేదు. రెండింటినీ కాగితం మీద రాసి, ఛాసిస్ నంబరు, ఓడోమీటరు అంకెలతో సహా ఫోటోలు తీసుకుని, ఈ కారు నాకు సమ్మతమని అప్పుడే చెప్పాను. మిగిలిన సొమ్ము కూడా ఆ తరువాతే కట్టాను.

డెలివరీ సాయంత్రం పెట్టుకోమని డీలర్ అడిగితే ఉదయమే కావాలన్నాను. మళ్లీ మొదటినుంచి తనిఖీ చేయడానికి కాదు, నేను ఒప్పుకున్న కారూ వాళ్లు అప్పగిస్తున్న కారూ ఒకటేనా, మధ్యలో దానికి ఏమైనా అయిందా అని చూడడానికి. ఛాసిస్ నంబరు ఒకటే, ఓడోమీటరు మీద అయిదు కిలోమీటర్లు పెరిగాయి. ఇన్‌వాయిస్ మీద, ఇన్సూరెన్స్ మీద, రిజిస్ట్రేషన్ కాగితం మీద ఛాసిస్ నంబరును, ఇంజిన్ నంబరును అక్షరం అక్షరం వేలు పెట్టి కలిపి చూశాను. యాక్సెసరీలు అమర్చేటప్పుడు డోర్ ప్యాడ్ల మీద స్క్రూడ్రైవరు గీతలు పడడం మామూలు కనుక అవి అమర్చినచోట్లన్నీ చూశాను. రెండు తాళంచెవులతోనూ తలుపు తీసి, ఇంజిన్ స్టార్ట్ చేసి చూశాను. వారంటీ పుస్తకంలో తేదీ డెలివరీ రోజుదే వేశారా అని చూసుకున్నాను, ఎందుకంటే బుక్ చేసిన తేదీనో, ఇన్‌వాయిస్ తేదీనో వేస్తే అన్ని రోజులు ఊరికే పోయినట్టే.

ఇంతలో పీడీఐ చెక్‌లిస్టు చేతికిచ్చారు. ప్రతి గడిలోనూ టిక్కు ఉంది, టైర్లలో గాలి అన్న గడిలో కూడా ఉంది. డ్రైవర్ పక్క స్తంభం మీది స్టిక్కరు 33 పీఎస్ఐ ఉండాలంటోంది. గేజి పెట్టి చూస్తే నాలుగింటిలోనూ 44కు అటూ ఇటూగా ఉంది, అంటే ప్రయాణం కోసం ఫ్యాక్టరీలో నింపిన గాలిని ఎవరూ ముట్టుకోలేదు. అంత గాలితో నడిపితే టైరు నడిమి భాగమే నేలను పట్టుకుంటుంది, తడిరోడ్డు మీద బ్రేకు వేసినప్పుడు ఆ తేడా తెలుస్తుంది. మెకానిక్‌ను పిలిచి నా ఎదుటే సరిచేయించాను. గాలి సంగతే ఇలా ఉంటే ఆ కాగితం మీది మిగతా టిక్కులకు ఎంత విలువ ఇవ్వాలో నాకు తెలిసిపోయింది. కూలెంటు, బ్రేకు ఆయిలు మళ్లీ ఒకసారి చూశాకే తాళంచెవి జేబులో వేసుకున్నాను.

ఫోటోలు తీయడానికి అందరూ సిద్ధంగా ఉన్నప్పుడు, కారును పూర్తి సంతృప్తితో స్వీకరించానని అచ్చువేసిన కాగితం ఒకటి సంతకానికి వచ్చింది. ఈ కాగితం సరిగ్గా అటువంటి వేళకే వస్తుందని నా అనుమానం. వాషరు బాగయింది గాని జాకీ పిడి ఇంకా రాలేదు. ఆ మాటను సంతకానికి పైనే నా చేతితో రాసి, ఏ తేదీలోగా ఇస్తారో మేనేజరుతో రాయించి, అప్పుడు సంతకం చేసి, ఒక ప్రతి నా దగ్గర ఉంచుకున్నాను. ట్యాంకులో ఇంధనం అడుగున ఉంది, కనుక మొదటి ప్రయాణం బంకుకే. మాన్యువల్ చెప్పినట్లు మొదటి వెయ్యి కిలోమీటర్లు ఒకే వేగంలో ఎక్కువసేపు నడపకుండా, ఇంజిన్‌ను గట్టిగా లాగకుండా నడిపాను. జాకీ పిడి రాసిచ్చిన తేదీకి ఒకరోజు ముందే వచ్చింది.